1911 పిస్టల్‌లో స్ప్రింగులు, చిన్న పార్టులు ఇంట్లో మార్చడం: ఏవి ముట్టుకోవచ్చు, ఏవి వద్దు?

కొత్తగురి
అందరికీ నమస్కారం. లైసెన్సు మీద ఒక సెకండ్‌హ్యాండ్ 1911 తీసుకున్నాను. 5 అంగుళాల బ్యారెల్, .45 ఏసీపీ తూటా, స్టీల్ ఫ్రేమ్. ఎవరు తయారుచేశారన్నది పక్కన పెడదాం, మామూలు సరుకే. ఇప్పటిదాకా ఎన్ని రౌండ్లు కాల్చారో పాత ఓనర్‌కే గుర్తులేదు. రేంజ్‌లో ఖాళీ కేసులు ఎగిరి మూడు లేన్ల అవతల పడుతున్నాయి, పక్కవాళ్లు నా వైపు అదోలా చూస్తున్నారు. మ్యాగజైన్లో చివరి రెండు రౌండ్ల దగ్గరికి వచ్చేసరికి అప్పుడప్పుడు తూటా ముక్కు కిందికి వాలి, బ్యారెల్‌లోకి ఎక్కించే ర్యాంపుకి గుద్దుకుని ఆగిపోతోంది. ట్రిగ్గర్ కూడా బరువే.

నా ప్లాన్ ఇది: రికాయిల్ స్ప్రింగ్ (కాల్చినప్పుడు వెనక్కి వెళ్లే స్లైడ్‌ని తిరిగి ముందుకు తోసేది) 20 పౌండ్లది వేస్తాను, గట్టిది వేస్తే ఫ్రేమ్‌కి దెబ్బ తగ్గుతుంది కదా. హామర్ స్ప్రింగ్ (ఫైరింగ్ పిన్‌ని కొట్టే హామర్‌ది) 19 పౌండ్లది. వీడియోల్లో చూపించినట్టు సియర్ (కాక్ చేసిన హామర్‌ని పట్టి ఉంచే పార్టు) స్ప్రింగ్ రెక్క కాస్త వంచి, సియర్ మొహం పాలిష్ చేస్తాను. అన్నీ ఒకేసారి కానిచ్చేద్దామని. టేబుల్ ఉంది, పంచ్ సెట్ ఉంది. ఏమంటారు?

పాతబ్యారెల్
ఆగు బాబూ, కాస్త ఆగు. నాలుగు మార్పులు ఒకేసారి చేసి రేంజ్‌కి వెళ్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, చెడిపోతే ఎవరి పాపమో అసలే తెలియదు. ఒకటి మార్చు, కాల్చు, చూడు, తర్వాత రెండోది.

ముందు 20 పౌండ్ల సంగతి. నువ్వు చెప్పిన సైజు 1911కి మామూలు రికాయిల్ స్ప్రింగ్ 16 పౌండ్లు. గట్టిది వేస్తే స్లైడ్ వెనక్కి వెళ్లేటప్పుడు దెబ్బ తగ్గే మాట నిజమే. కానీ ఆ స్ప్రింగ్ మింగిన శక్తంతా తిరిగి స్లైడ్‌ని ముందుకు విసరడానికే వాడుతుంది. ముందుకు వేగం పెరిగితే మ్యాగజైన్ తూటాని పైకి లేపేలోపే స్లైడ్ వచ్చేస్తుంది. నీ తూటా ముక్కు ఇప్పటికే వాలుతోంది, 20 వేస్తే ఇంకా వాలుతుంది.

మ్యాగజైన్‌మామ
నా పేరు చూసి నవ్వకండి గానీ, నా ఓటు మ్యాగజైన్ స్ప్రింగ్‌కే. చివరి రెండు రౌండ్లలోనే ఇబ్బంది అంటే అక్కడ స్ప్రింగ్ బాగా సాగి ఉంటుంది, తోసే బలం అన్నిటికంటే తక్కువ ఉండేది అప్పుడే. కొత్తగా ఉన్నప్పుడు ఆ చివర కూడా చాలినంత బలం ఉంటుంది, పాతబడితే మొదట చేతులెత్తేసేది అక్కడే. తమ్ముడూ, నీ దగ్గర ఎన్ని మ్యాగజైన్లు ఉన్నాయి? ఒక్కోదానికి పెయింట్ మార్కర్‌తో అడుగున నంబర్ వేసి, ఏ నంబర్లో ఆగుతోందో రాసుకో. ఒకే మ్యాగజైన్లో వస్తే పిస్టల్‌ని ఎందుకు తిడతావు?

కొత్తగురి
మూడున్నాయి మామా. పిస్టల్‌తో వచ్చిన రెండిటిలోనే ఆగుతోందని ఇప్పుడు అనిపిస్తోంది, నేను విడిగా కొన్నదాంట్లో ఆగినట్టు గుర్తులేదు. నంబర్లు వేస్తాను.

పాతబ్యారెల్ గారూ, కేసులు అంత దూరం పడటానికి కారణం రికాయిల్ స్ప్రింగేనా? విప్పి చూశాను. ఒక కొస గుండ్రంగా మూసి ఉంది, రెండోది తెరిచి ఉంది. ఎవరో కోసేశారేమో అని డౌట్.

సుత్తిపిన్ను
ఒక కొస తెరిచి ఉందని కోసేశారు అనుకోవద్దు. 1911 స్ప్రింగులు చాలావరకు అలాగే వస్తాయి. మూసిన కొస కాస్త బిగుతుగా ఉండి గైడ్ మీద కూర్చుంటుంది, తెరిచిన కొస ముందు ప్లగ్‌లోకి పోతుంది. కోసినదాన్ని గుర్తుపట్టాలంటే తీగ చివర చూడు. కట్టర్‌తో కోస్తే చివర ఉలిమొనలాగా నొక్కుకుపోయి ఉంటుంది, గ్రైండర్‌తో కోస్తే రంగు మారి నీలంగా కనిపిస్తుంది. లేదంటే సులువైన దారి, కొత్త 16 ఒకటి తెచ్చి రెండూ టేబుల్ మీద పక్కపక్కన నిలబెట్టు. పాతది స్పష్టంగా కురచగా ఉంటే దాని పని అయిపోయినట్టే, కోశారా అరిగిందా అన్న చర్చ అనవసరం.

చుట్ల మీద ఒకవైపు మాత్రమే మెరుపుగా అరిగిన గీత ఉందేమో కూడా చూడు. ఉంటే స్ప్రింగ్ లోపల వంకర తిరిగి ఫ్రేమ్ ముందుభాగానికి, అంటే డస్ట్ కవర్‌కి, రాసుకుంటోందని అర్థం.

కేసులు దూరం పడటానికి మొదటి అనుమానితుడు రికాయిల్ స్ప్రింగే. అదొక్కటే కాదు, ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తన్నేది) ఆకారం, తూటా లోడు (ఎంత బలంగా కాలుతుంది అన్నది) కూడా చూడాలి. చవకగా, తేలిగ్గా తేలిపోయేది స్ప్రింగ్ కాబట్టి అక్కడ మొదలుపెట్టమంటాను.

చుట్టుతీగ
కోయడం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, ఎందుకంటే "ఒక చుట్టు కోస్తే మెత్తబడుతుంది" అనే మాట ప్రతిచోటా వినిపిస్తుంది. నిజానికి చుట్టు తీసేస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది. 10 పనిచేసే చుట్లున్న స్ప్రింగ్‌లో ఒకటి తీస్తే గట్టిదనం దాదాపు 11 శాతం పెరుగుతుంది. తగ్గేది పొడవు. పొడవు తగ్గితే స్లైడ్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ ముందే నొక్కుకుని ఉండే బలం, అంటే ప్రీలోడ్, పడిపోతుంది. అందుకే చేత్తో స్లైడ్ లాగితే మొదట్లో తేలిగ్గా అనిపిస్తుంది. స్లైడ్‌ని మూసి ఉంచాల్సిన చోట బలం పోగొట్టుకుని, వెనక చివర గట్టిదనం తెచ్చుకోవడం అన్నమాట. ఎవరికి కావాలి ఇది?

తీగ మందం సంగతి ఇంకా విచిత్రం. గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మిగతావన్నీ అలాగే ఉంచి 0.043 అంగుళం తీగ బదులు 0.045 వేస్తే 20 శాతం దాకా గట్టిపడుతుంది. కంటికి రెండూ ఒకటే! అందుకే పాత డబ్బాలో పేరు లేకుండా పడి ఉన్న స్ప్రింగ్ ఎంత పౌండ్లదో చూసి చెప్పేస్తానన్నవాణ్ణి నేను నమ్మను.

ప్యాకెట్ మీద 16 అని ఉందంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు ఉండే బరువు అది, సుమారు 7.25 కిలోలు. మూసి ఉన్నప్పటిది కాదు. రెండు కంపెనీల 16లు చేతికి ఒకేలా అనిపించకపోతే కంగారుపడక్కర్లేదు.

స్టేజ్‌టూ
నేను పోటీలకి కాలుస్తాను కాబట్టి నా లెక్క వేరు. తేలిక లోడు వాడితే 16 కూడా ఎక్కువే. స్లైడ్ సగంలో తిరిగొచ్చేసి కేసు నిలువుగా ఇరుక్కుంటుంది, చివరి రౌండ్ తర్వాత స్లైడ్ వెనక ఆగదు. అప్పుడు 14, ఇంకా తేలికైతే 12 దాకా దిగుతాం. 9 ఎంఎం 1911లలో 12 నుంచి 14 మామూలే. అంటే స్ప్రింగ్ ఎంచుకోవాల్సింది తూటాని చూసి. కొత్తగురి గారూ, మీరు కాల్చేది ఫ్యాక్టరీ 230 గ్రెయిన్ బరువు గుండు అయితే 16తో మొదలుపెట్టండి, కేసులు ఇంకా దూరం పోతుంటే అప్పుడు 17, 18 చూడండి.

షాక్ బఫర్ అని ప్లాస్టిక్ వాషర్ అమ్ముతారు, అది వేస్తే స్లైడ్ ప్రయాణం కాస్త తగ్గుతుంది. కొన్ని పిస్టళ్లలో ఆ కాస్తకే ఫీడింగ్ చెడుతుంది. నేను ప్రాక్టీస్‌లో వాడతాను, మ్యాచ్‌లో తీసేస్తాను.

పాతబ్యారెల్
బఫర్ నలిగి ముక్కలై లోపల పడ్డ పిస్టళ్లు చాలా విప్పాను. వాడేవాళ్లు ప్రతి క్లీనింగ్‌కీ తీసి చూడండి, నా మాటగా అంతే.

కొత్తగురీ, విప్పి పెట్టే ఉన్నావు కాబట్టి ఫ్రేమ్‌లో రికాయిల్ గైడ్ అంచు ఆనే చోట లైటు వేసి చూడు. లోహం నలిగి అంచు బయటికి పొంగినట్టు ఉంటే చాలాకాలం చచ్చిన స్ప్రింగ్‌తో కాల్చారని లెక్క. గీతలు, మెరుపు ఉంటే ఫర్వాలేదు.

రాత్రికాపలా
నాది 1911 కాదు, గ్లాక్. థ్రెడ్ దారి తప్పిస్తున్నానేమో, కానీ స్ట్రైకర్ పిస్టళ్లవాళ్లు (బయటి హామర్ లేకుండా లోపలి స్ట్రైకరే తూటాని కొట్టే రకం) ఇది చదివి 1911 లెక్కలు అక్కడ వేస్తారని భయం. గ్లాక్‌లో స్లైడ్ మూసుకునే చివరి దశలో స్ట్రైకర్ స్ప్రింగ్ నొక్కుకుంటుంది, అంటే అది రికాయిల్ స్ప్రింగ్‌కి ఎదురు తోస్తుంది. మామూలు లెక్క రికాయిల్ 17 పౌండ్లు, స్ట్రైకర్ 5.5. రికాయిల్ ఒక్కటే బాగా తగ్గించేస్తే స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. ఒక పరీక్ష ఉంది: పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మ్యాగజైన్ తీసి, సురక్షితమైన దిక్కున మూతి పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, స్లైడ్ వెనక్కి లాగి చేత్తో మెల్లగా వదలాలి. పూర్తిగా మూసుకోవాలి. మధ్యలో వేలాడితే ఆ స్ప్రింగ్ పనికిరాదు.

స్ట్రైకర్ కాలువలో నూనె వేయొద్దు. మసి, నూనె కలిసి ముద్దయితే దెబ్బ బలం పోతుంది, జనం స్ప్రింగ్‌ని అనుమానిస్తారు.

ఇంకోటి, ఆత్మరక్షణకి పెట్టుకున్నదాంట్లో తేలిక స్ట్రైకర్ స్ప్రింగ్ నేను చచ్చినా వేయను.

మ్యాగజైన్‌మామ
"చచ్చినా" అనే మాట ఈ సందర్భంలో కొంచెం ఇబ్బందిగా ఉంది అన్నా 😄

కొత్తగురి
హామర్ స్ప్రింగ్ 19 సంగతి ఎవరూ చెప్పలేదు. ట్రిగ్గర్ తేలికవుతుంది కదా?

సుత్తిపిన్ను
కాస్త అవుతుంది. 1911లో మామూలుది 23 పౌండ్లు, 19 చాలామంది వాడతారు, చాలావరకు నడుస్తుంది. రెండు విషయాలు చూసుకో.

ఒకటి, ప్రైమర్, అంటే కేసు అడుగున దెబ్బకి అంటుకునే బిళ్ల. అన్ని ప్రైమర్లూ ఒకలా మెత్తగా ఉండవు. దెబ్బ తగ్గాక ఏదో ఒక రకం తూటా పేలకుండా టిక్కుమని ఊరుకుంటే కారణం అదే. కాల్చిన కేసులు ఏరుకొచ్చి ప్రైమర్ మీద గుంట చూడు, ముందు గుండ్రంగా లోతుగా ఉన్నది ఇప్పుడు పలచగా ఉంటే అంచు మీద నడుస్తున్నట్టు. పేలని రౌండ్ వస్తే మాత్రం వెంటనే తెరవొద్దు, మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగు. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

రెండోది ఎక్కువమంది పట్టించుకోరు. స్లైడ్ వెనక్కి వెళ్తూ హామర్‌ని కాక్ చేస్తుంది కదా, అంటే హామర్ స్ప్రింగ్ కూడా స్లైడ్‌ని ఆపే బ్రేకే. దాన్ని తగ్గిస్తే స్లైడ్ ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. నీ కేసులు ఇప్పటికే పక్క లేన్లలో పడుతుంటే ఆ బ్రేక్ ఇంకా సడలించడం ఏమిటి? ముందు రికాయిల్ తేల్చుకో.

విప్పేటప్పుడు హామర్ కిందికి దింపి ఉండాలి. మెయిన్‌స్ప్రింగ్ (హామర్ స్ప్రింగ్‌కే ఇంకో పేరు) హౌసింగ్ బయటికి రావడం సులువే, దాని లోపలి స్ప్రింగ్ తీయడం దగ్గరే కళ్లు పోగొట్టుకునేది. పైన టోపీ, దానికి అడ్డంగా సన్నటి పిన్ను. వైస్‌లో మెత్తని దవడల మధ్య పట్టి, టోపీని నొక్కి ఉంచి పిన్ను తీయాలి. కళ్లద్దాలు లేకుండా చేయొద్దు. పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేస్తే ఎగిరినది సంచిలోనే దొరుకుతుంది, సోఫా కింద పాకక్కర్లేదు.

చుట్టుతీగ
ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ కూడా లిస్టులో చేర్చండి. స్ప్రింగులు చేసే వుల్ఫ్ కంపెనీవాళ్లు 1911 రికాయిల్ స్ప్రింగ్ ప్యాకెట్లో ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ కూడా వేసి ఇస్తారు, ఉచిత బహుమతి కాదది. స్లైడ్ గట్టిగా ముందుకొచ్చి ఆగినప్పుడు ఫైరింగ్ పిన్ తన ఊపులో ముందుకు పోవాలని చూస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఈ బుల్లి స్ప్రింగే. ఫైరింగ్ పిన్ బ్లాక్ లేని సిరీస్ 70 రకంలో పిస్టల్ మూతి నేలకి తగిలేలా పడితే కాపాడేది కూడా అదే. అరచేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నట్టుంటుంది గానీ, 16 మార్చేటప్పుడల్లా దాన్నీ మార్చేయాలి.

వేదికపెద్ద
ఒక మాట చెప్పి వెళ్తాను. ఏ పార్టు ఇంట్లో మార్చుకోవచ్చు, దేనికి లైసెన్సున్న గన్‌స్మిత్ కావాలి అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ చట్టం, మీ లైసెన్సు షరతులు చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. పని చేసే గదిలో అసలు తూటాలు ఉండకూడదు, ఒక్కటి కూడా. పరీక్షలకి డమ్మీ రౌండ్లు వాడండి.

కొత్తగురి
సరే, మరి సియర్? దాని గురించే భయం భయంగా అడుగుతున్నా.

పాతబ్యారెల్
ముట్టుకోకు.

సరే, వివరంగానే చెప్తాను, లేకపోతే ఇంకో వీడియో చూస్తావు. ఆ సియర్ స్ప్రింగ్‌కి మూడు రెక్కలు. ఒకటి సియర్‌ని హామర్ మీదికి నొక్కుతుంది, మధ్యది డిస్‌కనెక్టర్‌ని (స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే ట్రిగ్గర్ పనిచేయకుండా చూసేది) పైకి, ట్రిగ్గర్‌ని ముందుకు తోస్తుంది, మూడోది గ్రిప్ సేఫ్టీది (పిడి గట్టిగా పట్టుకుంటేనే వదిలే సేఫ్టీ). మొదటిది కాస్త ఎక్కువ వంచావనుకో, స్లైడ్ ముందుకొచ్చి కొట్టినప్పుడు ఆ అదురుకి సియర్ జారి హామర్ స్లైడ్ వెంట పడిపోవచ్చు. అదృష్టం బాగుంటే హాఫ్‌కాక్ (హామర్‌ని సగంలో పట్టి ఆపే మెట్టు) దగ్గర ఆగుతుంది. లేకపోతే నువ్వు అడగని రెండో షాట్ పేలుతుంది, అప్పటికి మూతి పైకి లేచి ఉంటుంది.

పాలిష్ ఇంకా ఘోరం. సియర్ అంచు, హామర్ హుక్కులు వెంట్రుకవాసి కొలతల మీద, కోణాల మీద ఆధారపడినవి. చేత్తో ఆయిల్‌స్టోన్ మీద రుద్దితే మెరుపు వస్తుంది, కోణం పోతుంది. కొన్ని పార్టుల్లో గట్టిపొర పైపైనే ఉంటుంది, అది అరిగాక లోపలి మెత్తటి లోహం త్వరత్వరగా తరిగిపోతుంది. ఇవాళ బ్రహ్మాండంగా ఉన్న ట్రిగ్గర్ కొన్నాళ్లకి ప్రమాదకరంగా మారేది అలాగే. జిగ్గు, కొలతలు, అనుభవం ఉన్నవాడి చేతికి ఇవ్వు.

స్టేజ్‌టూ
పాతబ్యారెల్ గారితో నాకు సగమే ఒప్పుదల. సియర్ వద్దు, ఒప్పుకుంటా. కానీ ట్రిగ్గర్ బో (మ్యాగజైన్ చుట్టూ వెళ్లే ట్రిగ్గర్ చట్రం), అది జారే దారి శుభ్రంగా తుడిచి, బర్ర్ (లోహపు గరుకు అంచు) ఏదైనా ఉంటే తీసేస్తే ఎవరికీ ప్రమాదం లేదు. గరగర అనిపించేదాంట్లో సగం మసి, ఎండిపోయిన గ్రీజే. ఓవర్‌ట్రావెల్ స్క్రూ (హామర్ వదిలాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపేది) ఉంటే మాత్రం మరీ బిగించొద్దు. హామర్ పడేటప్పుడు హాఫ్‌కాక్ మెట్టు సియర్‌కి రాసుకునేంత దగ్గరగా పెడితే సియర్ అంచు చెడుతుంది.

బరువు మీద మోజు కూడా తగ్గించుకోండి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల పోటీల్లోనే ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు ఉండాలి, అవి టార్గెట్ కోసమే పుట్టిన పిస్టళ్లు. .45 సర్వీస్ పిస్టల్‌కి 4 నుంచి 5 పౌండ్లు, అంటే రెండు కిలోలు అటూఇటూ, ఉంటే బాధేముంది? ముందు ఒక గేజ్‌తో తూచండి. "బరువుగా ఉంది" అన్నవి తూస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటాయి, గరుకుగా కదలడమే బరువులా అనిపిస్తుంది.

పాతబ్యారెల్
శుభ్రం చేయడానికి నేనెప్పుడు వద్దన్నాను? బర్ర్ తీయడం అని మొదలై ఫైల్ దాకా వెళ్తారని నా బాధ.

రాత్రికాపలా
హామర్ స్ప్రింగ్ తగ్గించడం గుడ్డిగా తప్పు అనుకోనక్కర్లేదు. బెరెట్టా 92 వాళ్లు డబుల్ యాక్షన్ ఓన్లీ (ప్రతిసారీ ట్రిగ్గరే హామర్‌ని లేపి వదిలే) మోడల్ తాలూకు "డి" స్ప్రింగ్ మామూలు 92లో వేసుకోవడం ఎప్పటినుంచో ఉంది. సుమారు 20 పౌండ్లది తీసి 16ది వేస్తారు, అదీ ఫ్యాక్టరీ పార్టే. తయారీదారే లెక్కగట్టి ఇచ్చిన తేలిక స్ప్రింగ్ వేరు, మనం కోసుకున్నది వేరు.

సీజెడ్ 75 బి ఉన్నవాళ్లకి ఒక చిన్న సూచన: ఫైరింగ్ పిన్‌ని రోల్ పిన్ పట్టి ఉంచే రకం అయితే డమ్మీ లేకుండా డ్రై ఫైర్ అదేపనిగా చేయకండి, ఆ రోల్ పిన్ నలుగుతుంది.

సుత్తిపిన్ను
కొత్తగురీ, ఎక్స్‌ట్రాక్టర్ (కేసు అంచు పట్టి బయటికి లాగే హుక్కు) కూడా ఒకసారి చూసెయ్. స్లైడ్ విడిగా తీసి, డమ్మీ రౌండ్‌ని కింద నుంచి హుక్కు కిందికి జార్చి, స్లైడ్‌ని మెల్లగా అటూఇటూ ఊపు. డమ్మీ పడిపోకుండా నిలవాలి, అలాగని లోపలికి తోయడానికి వేలు నొప్పి పుట్టకూడదు. 1911 అసలు డిజైన్‌లో ఎక్స్‌ట్రాక్టర్‌కి వేరే స్ప్రింగ్ ఉండదు, అదే పొడుగాటి స్ప్రింగ్. బిగువు పోతే దాన్నే వంచి సరిచేస్తారు, అది చేయి తిరిగినవాళ్ల పని.

మళ్లీ బిగించాక చేయాల్సిన పరీక్షలు, ఖాళీ పిస్టల్‌తో: హామర్ కాక్ చేసి సేఫ్టీ పైకి వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదులు. సేఫ్టీ దించు, హామర్ పడకూడదు. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. ఇప్పుడు పిస్టల్‌ని చెవి దగ్గరికి తెచ్చి, మూతి మాత్రం సురక్షితమైన దిక్కునే ఉంచి, బొటనవేలితో హామర్‌ని పిసరంత వెనక్కి లాగు. సన్నగా "టిక్" అని వినిపిస్తే సేఫ్టీ వేసి ఉన్నప్పుడు సియర్ కొంచెం కదిలింది, ఇప్పుడు తిరిగి కూర్చుంది అని అర్థం. ఆ పిస్టల్ గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాలి. గ్రిప్ సేఫ్టీకీ అంతే, దాన్ని నొక్కకుండా పిస్టల్ పట్టుకుని ట్రిగ్గర్ నొక్కితే హామర్ పడకూడదు. స్లైడ్‌ని కొద్దిగా వెనక్కి పట్టి ట్రిగ్గర్ నొక్కినా పడకూడదు, డిస్‌కనెక్టర్ పని అది.

రేంజ్‌లో మొదటిసారి ఒకే రౌండ్, తర్వాత రెండే రౌండ్లు మ్యాగజైన్లో వెయ్. రెండూ ఒక్క నొక్కుడుకే పోతే తెలిసిపోతుంది, ఏడు నింపి తెలుసుకోవాల్సిన పని లేదు.

కొత్తగురి
అప్‌డేట్. కొత్త 16 పక్కన పెడితే పాతది సిగ్గుపడేంత పొట్టిగా ఉంది! తీగ చివర నొక్కుకుపోయి కూడా ఉంది, అంటే కోసిందే. ఫ్రేమ్‌లో గైడ్ ఆనే చోట మెరుపు ఉంది గానీ పొంగలేదు. రికాయిల్, ఫైరింగ్ పిన్ స్ప్రింగులు మార్చాను. పరీక్షలన్నీ చేశాను, టిక్ వినిపించలేదు. రేంజ్‌లో ఒకటి, తర్వాత రెండు, తర్వాత నిండుగా. కేసులు ఇప్పుడు నా కుడిపక్కనే కొంచెం వెనకగా పడుతున్నాయి. 2, 3 నంబర్ మ్యాగజైన్లలో మాత్రం తూటా ముక్కు ఇంకా వాలుతోంది, 1లో లేదు. వాటికి స్ప్రింగులు ఆర్డర్ పెట్టాను. ట్రిగ్గర్ తూయిస్తే 5 పౌండ్ల పైన కొంచెం వచ్చింది, మసి తుడిచాక గరగర చాలా తగ్గింది. 19 ఆలోచన పక్కన పెట్టేశాను. ఇంతకీ రికాయిల్ స్ప్రింగ్ మళ్లీ ఎప్పుడు మార్చాలి? మ్యాగజైన్లు నింపి ఉంచితే స్ప్రింగ్ పాడవుతుందా?

చుట్టుతీగ
నింపి ఊరికే ఉంచితే మంచి స్ప్రింగ్‌కి పెద్దగా ఏమీ కాదు, అరగదీసేది నొక్కడం వదలడమే. హద్దు దాటి నొక్కితే, అంటే సామర్థ్యానికి మించి ఒక రౌండ్ ఇరికిస్తే, అది వేరే కథ.

పాతబ్యారెల్
.45 పూర్తి లోడుకి 3,000 రౌండ్లు అటూఇటూ మార్చమని ఎక్కువమంది చెప్తారు, నేనూ అంతే. కేసులు మళ్లీ దూరం పోవడం మొదలుపెడితే లెక్క చూడకుండా మార్చెయ్. మార్చిన తేదీ, అప్పటి రౌండ్ల లెక్క ప్యాకెట్ మీద రాసి క్లీనింగ్ కిట్‌లో పెట్టుకో. ఆ కోసిన స్ప్రింగ్‌ని "ఎందుకైనా పనికొస్తుంది" అని డబ్బాలో వేయకు, వంచి చెత్తబుట్టలో పడెయ్.

మ్యాగజైన్‌మామ
మ్యాగజైన్ స్ప్రింగులు వేసేటప్పుడు పై చుట్టు కొస ఏ వైపు ఉందో పాతది తీయకముందే ఫోటో తీసుకో తమ్ముడూ. తిరగేసి పెడితే ఫాలోవర్ ముందుకు వాలుతుంది, మళ్లీ ఇక్కడికే వచ్చి కొత్త థ్రెడ్ తెరుస్తావు.